ఏం రాసినా ఒకే కవిత వస్తోంది: ఏ రూపం పట్టుకుంటే ఈ నడక విరుగుతుంది?

వచనమే_దిక్కు
ఏం రాసినా ఒకే అచ్చులోంచి ఊడిపడ్డట్టుంది. పది పదిహేను పొట్టి పంక్తులు, చివర కొసమెరుపు, ఆఖర్న ఒక 'నేను'. విషయం మారుతోంది, నడక మారట్లేదు. ఏదైనా రూపంలోకి దిగితే మారుతుందేమోనని ఆటవెలది అనే పద్యరూపం పట్టుకున్నాను. వచ్చింది ఇదీ:

రాయదలచు వేళ రానట్టి మాటలు
నిద్రపట్టు వేళ వచ్చి పిలుచు
కాగితమ్ము తీసి కలమందుకోగానె
జారిపోతాయి నీటిచాలు లాగ

ఎక్కడో కుంటుతోంది. తప్పెక్కడ? ఇంకోటి, వచనం రాసేవాళ్ళకి ఊపునిచ్చే రూపాలేవి? పద్యమే కానక్కర్లేదు, గజలైనా హైకూ అయినా సరే.

పొల్లుహల్లు
రెండు తప్పులు. ఒకటి గణం (గురులఘువుల గుంపు), ఒకటి యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో ఒక చోట అక్షరం జత కలవడం).

ఆటవెలదిలో 1, 3 పాదాలకి మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాలకి అయిదూ సూర్యగణాలే. లఘువంటే పొట్టి అక్షరం, గురువంటే దీర్ఘమో, సున్న ఉన్నదో, ఒత్తక్షరం ముందున్నదో. సూర్యగణాలు రెండే రెండు: న (మూడు లఘువులు), గలం (గురువు, లఘువు). ఇంద్రగణాలు ఆరు: నల (నాలుగు లఘువులు), నగ (మూడు లఘువులు, గురువు), సల (రెండు లఘువులు, గురువు, లఘువు), భ (గురువు, రెండు లఘువులు), ర (గురువు, లఘువు, గురువు), త (రెండు గురువులు, లఘువు).

నాలుగో పాదం విడదీయండి. 'జారి' గలం, సరే. తర్వాత 'పోతా', రెండు గురువులు. సూర్యగణంలో రెండు గురువులు పక్కపక్కన కూర్చోలేవు. 'జారిపోవు' అనండి: జారి, పోవు, నీటి, చాలు, లాగ. అయిదు గలాలు.

రెండో పాదంలో గణాలు సరిగ్గానే ఉన్నాయి. యతి నాలుగో గణం మొదటి అక్షరానికి పడాలి. మీకు అక్కడ ని, వ వచ్చాయి, కలవవు. 'వచ్చి' తీసి 'నిలిచి' పెడితే నిద్ర, నిలిచి కలుస్తాయి. అర్థం కూడా బాగుపడింది చూడండి: వచ్చి పిలవడం మామూలే, నిలిచి పిలవడంలో మొండితనం ఉంది.

గలగలం
అయిదు సూర్యగణాల పాదం చెవికెక్కాలంటే 'విశ్వదాభిరామ వినురవేమ' చాలు. గలం, గలం, గలం, న, గలం. నాలుగో గణం 'వినుర', వి–వి యతి. అందరికీ నోటికొచ్చిందే, ఎవరూ కొలిచి చూడరు.

వచనమే_దిక్కు
ఓహో! మరి నాలుగో పాదంలో జా, చా? అక్షరాలు వేరు కదా, అది తప్పు కాదా?

పొల్లుహల్లు
కాదు. చ ఛ జ ఝ శ ష స ఒక జట్టు. అలాగే క ఖ గ ఘ, త థ ద ధ, ట ఠ డ ఢ, ప ఫ బ భ వ. కానీ హల్లు కలిస్తే చాలదు, అచ్చు కూడా కలవాలి. క, కా, కై, కౌ ఒక గుంపు. కి, కీ, కె, కే, కృ ఒకటి. కు, కూ, కొ, కో ఒకటి. కొత్తవాళ్ళు తొంభై పాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. క, గ కలుస్తాయి కదా అని 'కలము'కి 'గోడ' వేసేస్తారు.

అరసున్న
ఆటవెలదికి ప్రాసయతి కూడా చెల్లుతుంది, అది చెప్పలేదు మీరు. మొదటి అక్షరాలు కలవకపోతే రెండో అక్షరాలు కలపొచ్చు:

నిద్రపట్టు వేళ ముద్ర వేయు

నిద్ర, ముద్ర. రెండిట్లోనూ మొదటక్షరం గురువే కాబట్టి ఇబ్బంది లేదు. అసలు ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది. నిద్ర గురించి ఆలోచించేవాడికి 'ముద్ర' అనే మాట తనంతట తట్టదు. 'ద్ర' అడిగింది కాబట్టి తట్టింది. రూపం ఊపునివ్వడమంటే ఇదే, అలవాటుగా నడిచే దారికి అడ్డంగా ఓ రాయి పడుతుంది.

నిలబడని_వాక్యం
బాగానే ఉంది, ఎవరు వేస్తున్నారు ముద్ర? మాటలా? ఎక్కడ వేస్తున్నాయి? ప్రాస తెచ్చిన మాటకి వాక్యంలో పని దొరక్కపోతే అది అతిథి, ఇంటిమనిషి కాదు.

అరసున్న
ఒప్పుకుంటా. దొరికాక మిగతా మూడు పాదాలు దాని చుట్టూ తిరగరాయాలి. అది చెయ్యకపోతే పాదపూరణమే.

వచనమే_దిక్కు
'పోతాయి' పట్టదంటే నా భాషే పట్టదన్నట్టు కదా? నేను పిలుచు, పోవు, తలచు అని మాట్లాడను. ఇలాగే రాయాలంటే పద్యం నాకు వేషం కట్టినట్టుంటుంది.

గలగలం
మీ భాష పట్టే చోటు వేరే ఉంది. వాడుక క్రియల్ని ఒకసారి కొలవండి. చెప్పింది, వెళ్ళాడు, చూశాను, వస్తుంది: అన్నీ గురువు గురువు లఘువు, అంటే త గణం. తిరిగింది, కురిసింది, వెలిసింది: రెండు లఘువులు, గురువు, లఘువు, అంటే సల. రెండూ ఇంద్రగణాలే! సూర్యగణాల్లో ఒక్కటీ ఇమడదు. ఆటవెలదిలో 20 గణాలుంటే 16 సూర్యగణాలు. వాడుక భాషతో మొదలెట్టేవాళ్ళకి ఆటవెలది సులువని ఎవరు ప్రచారం చేశారో గానీ, అది పొట్టి మాటల పద్యం.

ద్విపదతో మొదలెట్టండి. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. యతి మూడో గణం మొదట. రెండు పాదాలకీ ప్రాస, అంటే రెండో అక్షరంలో ఒకే హల్లు. ప్రాస కూడా వద్దనుకుంటే దాన్ని మంజరి ద్విపద అంటారు, అదీ తప్పు కాదు. వాడుకలో:

వానొచ్చి వెలిసింది వాకిట్లొ చూడు
నానింది గుమ్మాన నా కాలిజోడు

వానొచ్చి (త), వెలిసింది (సల), వాకిట్లొ (త), చూడు (గలం). రెండో పాదం నానింది, గుమ్మాన, నా కాలి, మూడూ త, చివర జోడు గలం. ప్రాస న. ఒక్క గ్రాంథిక పదం లేదు.

ప్రాసకోసం_పాట్లు
చెప్పులు నానితే పద్యం వచ్చిందన్నమాట 😄

బండి_ర
'వాకిట్లొ' అని ఓత్వం కుదించారు. మాటల్లో 'వాకిట్లో' కదా. గణం కోసం అక్షరాన్ని నొక్కేయడం వాడుక భాష ఎలా అవుతుంది?

గలగలం
గబగబా పలికినప్పుడు అది ఎలాగూ పొట్టిగానే పలుకుతుంది. 'ఎవరో' 'ఎవరొ' అవుతుంది, 'వచ్చేసరికి' 'వచ్చేసర్కి' అవుతుంది. నోరు ఒప్పుకున్నంతవరకే కుదించాలి. 'కాలు'ని 'కలు' అంటే మాత్రం తన్నండి.

నిలబడని_వాక్యం
వస్తున్నాడు, చేస్తున్నారు లాంటివి ఏం చేస్తారు మరి? మూడు గురువులు వరుసగా.

పొల్లుహల్లు
ఇంద్రగణాల్లో కష్టం. ముందు గణం గురువుతో ముగిసి (ర గానీ నగ గానీ), తర్వాతది త గణమైతేనే మూడు గురువులు వరసగా కుదురుతాయి. దానికి కందం ఉంది. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. కందంలో అన్నీ నాలుగు మాత్రల గణాలు: గగ (రెండు గురువులు), భ, జ (లఘువు, గురువు, లఘువు), స (రెండు లఘువులు, గురువు), నల. గగ ఉంది కాబట్టి ఎన్ని గురువులైనా మింగుతుంది.

ప్రాసకోసం_పాట్లు
'కందం రాసినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు' అన్నారు. మొదటి రోజే పంది మీదకి పంపుతున్నారు పాపం.

పొల్లుహల్లు
కందానికి అంత భయపడక్కర్లేదు, లెక్క ఒకసారి కూర్చుంటే చాలు. 1, 3 పాదాల్లో మూడేసి గణాలు, 2, 4 పాదాల్లో అయిదేసి. మొదటి రెండు పాదాలూ కలిపి ఎనిమిది గణాలుగా లెక్కపెట్టండి. బేసి గణం జ కాకూడదు. ఆరోది జ గానీ నల గానీ అయితీరాలి. ఎనిమిదోది గురువుతో ముగియాలి. మూడు, నాలుగు పాదాలకీ అదే లెక్క. యతి 2, 4 పాదాల్లో మాత్రమే, నాలుగో గణం మొదట. ప్రాస నాలుగు పాదాల్లోనూ ఉండాలి. మొదటి పాదం గురువుతో మొదలైతే నాలుగూ గురువుతోనే, లఘువైతే నాలుగూ లఘువుతోనే.

రాసేటప్పుడు ప్రాసతో మొదలెట్టాలి. ఒక హల్లు ఎంచుకుని, రెండో అక్షరంగా అది ఉన్న మాటలు పదీ పన్నెండు కాగితం మీద పెట్టుకోండి. వాడుక భాషకి 'స్త' బంగారం: రాస్తే, చూస్తూ, వస్తుంది, తీస్తే, మోస్తూ, పుస్తకం. ప్రాస సంయుక్తమైతే నాలుగు చోట్లా అదే సంయుక్తం ఉండాలి. 'స్త'కి 'త' చెల్లదు.

రాస్తున్నానని చెప్పకు
వస్తుందని చూడకింక వాక్యం కోసం
రాస్తేనే వస్తుందది
తీస్తూ కలిపేస్తు మరల తీస్తే పద్యం

రెండో పాదం గణాలు: వస్తుం, దనిచూ, డకింక, వాక్యం, కోసం. మూడోది, అంటే మొత్తంలో ఆరోది, జ. నాలుగో పాదంలో అదే చోట 'స్తు మరల', నల.

బండి_ర
గణాలు కుదిరాయి, ఒప్పుకుంటున్నా. కానీ అన్నీ వాడుక మాటలై నడుమ ఒక్క 'మరల' మాత్రం పుస్తకంలోంచి లేచొచ్చింది. 'మళ్ళీ' అనాల్సిన చోట లెక్క కోసం 'మరల' తెచ్చారు. మీ పద్ధతిలోనే ఇది తప్పు.

పొల్లుహల్లు
దొరికిపోయాను. 'మళ్ళీ' గగ. ఆరో గణంలో అది పట్టదు. ఇంకో మాట వెతకాలి.

అరసున్న
గురులఘువుల్లో ఇంకో తికమక ఇక్కడే తీర్చేద్దాం. సంయుక్తాక్షరం ముందున్న అక్షరం గురువు కదా అని పక్క పదం మొదట్లో సంయుక్తం ఉన్నా ముందు పదం చివరి అక్షరాన్ని గురువు చేసేస్తుంటారు. తెలుగు పదాల మధ్య అలా ఊనదు, సమాసమైతేనే ఊనుతుంది. గురజాడ 'దేశమును ప్రేమించుమన్నా' చూడండి. 'దేశ' మూడు మాత్రలు, 'మునుప్రే' నాలుగు, 'మించు' మూడు, 'మన్నా' నాలుగు. 'ప్రే' ముందున్న 'ను' లఘువైతేనే ఈ లెక్క నిలుస్తుంది. వట్రసుడి అసలు సంయుక్తమే కాదు, 'అమృతం'లో 'అ' లఘువే.

వచనమే_దిక్కు
ఆ మూడు–నాలుగు నడక నాకు నచ్చింది. దానికి యతిప్రాసలు అక్కర్లేదా?

అరసున్న
అక్కర్లేదు. 1910లో గురజాడ ముత్యాల సరాలతో తెచ్చిన నడక అది. మూడు పంక్తులు 3+4+3+4, మొత్తం 14 మాత్రలు. నాలుగో పంక్తి కాస్త ముందే ఆగుతుంది. వచనం రాసేవాళ్ళకి నా సలహా ఇదే. గణాల పేర్లు అక్కర్లేదు, తొడ మీద దరువేస్తే చాలు: తకిట, తకధిమి, తకిట, తకధిమి.

మట్టి వాసన వచ్చి చూస్తే
వాన లేదూ మబ్బు లేదూ
గోడ పక్కన ఎవరొ నీళ్ళను
మొక్కలకు పోశారు

చివరి పంక్తి 3+4+3, పదే మాత్రలు. ఆ మిగిలిన నాలుగు మాత్రల ఖాళీ కూడా కవితలో భాగమే. చెవి ఇంకా ఏదో వస్తుందని ఆగుతుంది, ఏమీ రాదు. వచనంలో ఈ ఖాళీ పుట్టదు, చెవికి ముందుగా ఓ లెక్క అలవాటైతేనే లోటు తెలుస్తుంది.

జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. మూడో మాత్ర దగ్గర అక్షరం ముగియాలి. 'వాకిట్లోకి' అని మొదలెడితే మూడో మాత్ర 'కి' అనే గురువు మధ్యలో పడుతుంది, నడక అక్కడే తప్పుతుంది.

నిలబడని_వాక్యం
ఇదే సంగతిని వేరే రూపాల్లో పోసి చూద్దాం. రూపం మారితే విషయం ఏమవుతుందో తెలుస్తుంది. నానీ:

మట్టి వాసన
వానే అనుకున్నా
పక్కింటి చెంబుకు
ఎంత పొగరు

22 అక్షరాలు. ఎన్. గోపి 1997లో మొదలుపెట్టిన రూపం, నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు.

గలగలం
చూశారా, ముత్యాల సరంలో లేని 'పొగరు' ఎక్కణ్ణుంచి వచ్చింది? నానీ చివర మెరుపు అడిగింది, అందుకని వచ్చింది. వచనమే_దిక్కు గారి రోగం కొసమెరుపే కదా, ఆయనకి నానీ ఇస్తే ముదురుతుంది.

నిలబడని_వాక్యం
😄 నిజమే. కొసమెరుపు మానాలంటే హైకూ. పోలిక ఉండకూడదు, వ్యాఖ్య ఉండకూడదు, రెండు దృశ్యాలు పక్కపక్కన పెట్టి తప్పుకోవాలి.

మట్టి వాసన
వాన లేదు ఆకాశం
ఖాళీగా ఉంది

5, 7, 5.

అరసున్న
అక్షరాలు 5-7-5 అయ్యాయి గానీ మాత్రలు చూడండి: 7, 12, 9. మొత్తం 28. జపనీసులో లెక్కపెట్టేది మన అక్షరాన్ని కాదు. దీర్ఘానికి రెండు, ద్విత్వంలో ఆగే చోటుకి ఒకటి, పొల్లు 'న్'కి ఒకటి. 'టోక్యో' మనకి రెండక్షరాలు, వాళ్ళ లెక్కలో నాలుగు. మన మాత్రల్లోనూ నాలుగే! అంటే హైకూకి దగ్గరి కొలత మన దగ్గరే ఉండగా అక్షరాలు లెక్కపెట్టి ఒకటిన్నర రెట్లు పొడుగు రాస్తున్నాం. మాత్రల్లో 5-7-5:

మట్టి తడి
మబ్బు లేదే
ఎవరి చెయి

ప్రాసకోసం_పాట్లు
17 మాత్రల్లో ఊపిరాడట్లేదు. టెలిగ్రాంలా ఉంది.

అరసున్న
ఊపిరాడకపోవడమే కావాలి అక్కడ. పైదాంట్లో 'ఖాళీగా ఉంది' లెక్క నింపడానికొచ్చింది. వాన లేదు అన్నాక ఆకాశం ఖాళీ అని మళ్ళీ చెప్పడమెందుకు?

నిలబడని_వాక్యం
మీ 'లేదే'లో ఏత్వం మాత్రం మాత్ర కోసం వచ్చింది కాదేంటి?

అరసున్న
వచ్చింది మాత్ర కోసమే, చేసే పని వేరు. 'లేదు' సమాచారం, 'లేదే' ఆశ్చర్యం. హైకూలో ఆగి తిరిగే చోట వాళ్ళు ఒక మాట వాడతారు, మనకి ఆ పని ఏ, లే, గా లాంటివి చేస్తాయి.

రదీఫ్
గజల్ సంగతి ఎవరూ ఎత్తలేదు. తెలుగు క్రియతో ముగిసే భాష కాబట్టి రదీఫ్, అంటే పంక్తి చివర మారకుండా తిరిగొచ్చే మాట, దానంతటదే చివర కూర్చుంటుంది. దాని ముందు కాఫియా, అంటే ప్రాస కలిసే మాట. మొదటి షేర్ (రెండు పంక్తుల జంట), అంటే మత్లాలో, రెండు పంక్తులకీ రెండూ ఉండాలి. తర్వాతి షేర్లలో రెండో పంక్తికి చాలు.

వచ్చిందీ గుర్తుందీ, పోయేందుకు బాట లేదు
చెప్పాలని వచ్చానే, నోట ఒక్క మాట లేదు

రదీఫ్ 'లేదు', కాఫియా 'ఆట'. పంక్తికి ఆరు మాత్రల గుంపులు నాలుగు. తర్వాతి షేర్లకి పాట, వేటగాళ్ళకి దొరికే 'ఆట' ఉన్నాయి. 'తోట', 'వేట' చెల్లవు. ట ముందున్న అచ్చు కూడా కలవాలి.

మనవాళ్ళు తప్పేది రెండు చోట్ల. ఒకటి, షేర్లన్నీ కలిపి కథ చెప్పేస్తారు. అప్పుడది గేయం. ఏ షేర్‌కి ఆ షేర్ విడిగా నిలబడాలి. రెండు, రదీఫ్ తీసేసి చదివినా అర్థం మిగులుతుంది. అలా మిగిలితే ఆ రదీఫ్ తోక మాత్రమే. పై రెండు పంక్తుల్లో 'లేదు' తీసేస్తే అర్థం తలకిందులవుతుంది. అదీ పరీక్ష.

ఒకే నడక పీడిస్తుందన్నవాళ్ళకి ఇది మందు. రెండు పంక్తులకోసారి విషయం మార్చక తప్పదు, మీ పదిహేను పంక్తుల ధార మొదటి షేర్‌లోనే తెగిపోతుంది.

నిలబడని_వాక్యం
అంత్యప్రాస గురించి ఒక మాట. మనకి చివర ప్రాస మరీ చవక. వచ్చింది, పోయింది, కూలింది, తేలింది, ఎన్ని కావాలంటే అన్ని. ప్రత్యయం కలిస్తే ప్రాస అనుకోవద్దు, ధాతువు కలవాలి. ఇంగ్లిష్ సానెట్ పద్ధతిలో ప్రాసలు పెట్టి 14 పంక్తులు రాస్తే మనకి 'ఇంది' గంట మోగుతూ ఉంటుంది. సానెట్ నుంచి తెచ్చుకోవలసింది ఎనిమిది పంక్తుల తర్వాత వచ్చే మలుపు.

పొల్లుహల్లు
ఆ మలుపు సీసంలో లేదూ? నాలుగు పెద్ద పాదాలు, ఒక్కోటి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. ఆ పైన తేటగీతో ఆటవెలదో ఎత్తుగీతి. సీసం పోగేస్తుంది, గీతి తిప్పుతుంది. వచనంలో రాసేవాళ్ళు గణాలు వదిలేసి ఆ ఎముకలు మాత్రం తీసుకోవచ్చు. ఒకే వాక్యనిర్మాణంతో నాలుగు జంట పంక్తులు, ఆ తర్వాత పొట్టి నడకలో నాలుగు పంక్తులు. ఆ నాలుగింట్లో పై జాబితాని ఎదిరించాలి, ముగించకూడదు.

రదీఫ్
పునరుక్తి రూపాల్లో విలనెల్ తెలుగుకి బాగా నప్పుతుంది. 19 పంక్తులు. మొదటి పంక్తి 6, 12, 18లో, మూడోది 9, 15, 19లో తిరిగొస్తాయి. మనకున్న వీలేమిటంటే 'వాన వెలిసింది' తర్వాత 'వాన వెలిసినా', ఆ తర్వాత 'వాన వెలిస్తే' అని ఒక్క ప్రత్యయంతో అర్థం తిప్పొచ్చు, పల్లవి చెడదు.

సెస్టీనా మాత్రం ఏడిపిస్తుంది. 39 పంక్తులు, ఆరు పదాలే పంక్తుల చివర తిరుగుతుంటాయి. ప్రతి చరణంలో ముందు చరణం పదాలు 6-1-5-2-4-3 వరుసలో రావాలి. 'నీరు' ఎంచుకుంటే విభక్తి తగలగానే 'నీటి' అయిపోతుంది, 'ఇల్లు' 'ఇంటి' అవుతుంది. గోడ, నీడ, కిటికీ లాంటివి ఎంచుకుని 'గోడ' దగ్గర పంక్తి విరిచి 'మీద' కింది పంక్తిలో మొదలెట్టాలి.

బండి_ర
రదీఫ్ గారూ, 'వేటగాళ్ళకి దొరికే ఆట' ఏమిటండీ? ఆట వేటగాళ్ళకి దొరకదు.

రదీఫ్
చూశారా, కాఫియా కోసం కాకపోయినా నోరు జారింది. ఆట. పిల్లలాడేది.

వచనమే_దిక్కు
ముత్యాల సరంతో మొదలెడతా, తర్వాత ద్విపద. ఈలోగా పాత ఆటవెలది వదలబుద్ధి కాక సరిచేశాను. బండి_ర గారు మాటల పొత్తు గురించి అన్నది చూశాక 'కాగితమ్ము' కూడా తీసేశా. 'కాగితాన్ని' కూడా గలం, గలమే!

రాయదలచు వేళ రానట్టి మాటలు
నిద్రపట్టు వేళ నిలిచి పిలుచు
కాగితాన్ని తీసి కలమందుకోగానె
జారిపోవు నీటిచాలు లాగ

పొల్లుహల్లు
కుంటు పోయింది. యతులు నాలుగూ ఉన్నాయి: రా–రా, ని–ని, కా–క, జా–చా.

బండి_ర
'పిలుచు', 'పోవు' ఇంకా పాతవే.

గలగలం
అక్కడ సూర్యగణాలే ఉన్నాయి కదండీ, ఇంకేం పెట్టమంటారు?

బండి_ర
తేటగీతిలోకి మార్చమంటాను. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. రెండో చోటా మూడో చోటా 'పిలిచింది' పడుతుంది.

వచనమే_దిక్కు
మాటలు బహువచనం కదా, 'పిలిచాయి' అనాలి. అది రెండు లఘువులు, గురువు, లఘువు... సల! పడుతోంది. ఉండండి, మొదట్నుంచీ మళ్ళీ రాస్తా.